అండా గాడీ పైకప్పు

నాకు పాత కార్లంటే పడదు. పడదని అంటూనే, రోడ్డు పక్కన ఏ వింతబండి ఆగి కనబడినా దాని తలుపులు ఎటు తెరుచుకుంటాయో, పైకప్పు రేకుదో గుడ్డదో చూడకుండా కదల్లేను. మావారు బతికున్న రోజుల్లో "ఆ డొక్కులో ఏముందని అలా గుడ్లప్పగించి చూస్తావు?" అని నడిబజార్లో విసుక్కునేవారు. ఆయనకి చెప్పలేదు. పిల్లలకీ చెప్పలేదు. ఇన్ని పుస్తకాలు రాశాను, లోకంలో వాళ్ల బాధలన్నీ నావే అన్నట్టు రాశాను, ఈ ఒక్క సంగతి దగ్గరికి వచ్చేసరికి కలం పక్కన పడేసి వంటింట్లోకి పోయేదాన్ని. ఇప్పుడు ఈ వయసులో ఎవరికి భయపడాలి గనక? రాసేస్తాను.

మొన్న వేసవిలో జూబ్లీహిల్స్ నుంచి కార్తీక్ అని ఒకాయన ఫోన్ చేశాడు. నలభై అయిదేళ్లుంటాయి. ఇళ్లు కట్టి అమ్మే వ్యాపారం, పాత బండ్లు పోగుచేసే సరదా. "ఆంటీ, మీరు కోటయ్య మేస్త్రీ గారి అమ్మాయేనా? ఆయన చేసిన బండి ఒకటి నా షెడ్‌లో ఉంది. కారుకి రెక్కలు పెట్టారు కదా, అదే. రెక్క లోపలివైపు మేకుతో ఆయన పేరు గీసి ఉంది. అది పట్టుకుని మిమ్మల్ని వెతికేసరికి ఆరు నెలలు పట్టింది" అన్నాడు. నేను ఏం జవాబిచ్చానో గుర్తులేదు. పొయ్యి మీద పాలు పొంగి గట్టంతా పారాక గానీ ఫోను పెట్టేశానని కూడా తెలియలేదు.

మర్నాడు మధురానగర్‌లో ఆటో ఎక్కి, కృష్ణానగర్ సందుల్లోంచి పైకి పోతుంటే ముందు కడ్డీ పట్టుకుని కళ్లు మూసేసుకున్నాను. ఆటో అబ్బాయి వెనక్కి తిరిగి "ఏమైందమ్మా, జర నీళ్లు తాగుతరా?" అన్నాడు. ఏం లేదు పోనీ అన్నాను. ఇప్పుడు అద్దాల మేడలూ కాఫీ కొట్లూ ఉన్నచోట అప్పట్లో బండరాళ్లు తప్ప ఏమీ లేవు. బండల మధ్య సీతాఫలం పొదలు, పొదల్లో కౌజుపిట్టలు. నీళ్లు ట్యాంకరు లారీలో వచ్చేవి, అదీ డ్రైవరుకి బుద్ధి పుట్టినప్పుడు. మద్రాసు నుంచి సినిమా ఒక్కొక్క సామానే ఇక్కడికి వస్తున్న కాలం అది. మా నాన్న తెనాలిలో బస్సులకి బాడీలు కట్టే పని వదులుకుని, ఒక సినిమా కంపెనీ షెడ్డులో మేస్త్రీగా చేరి, అమ్మనీ నన్నూ తీసుకుని ఈ రాళ్ల మధ్యకి వచ్చాడు. షెడ్డు ముందు భాగం పనికి, వెనక రెండు గదులు మాకు. అన్నంలో కూడా థిన్నరు వాసన వచ్చేది. లప్పం పిండి, వేడెక్కిన రేకు, గ్రీజు, వాటి మీద అమ్మ పెట్టే గోంగూర తాలింపు, ఇవన్నీ కలిసిన వాసనే నాకు మా ఇల్లు. ఆ వాసన ఇప్పటికీ ఎక్కడైనా తగిలితే ముందు ఆకలి వేస్తుంది, తర్వాత భయం వేస్తుంది.

నాన్నకి మామూలు బండ్లంటే మర్యాదే గానీ ప్రేమ లేదు. వింతగా ఉంటేనే ఆయన ముఖం వెలిగేది. పోలీస్ యాక్షన్ అయ్యాక, జాగీర్లు పోయాక, పాతబస్తీ నవాబుల దేవిడీల్లోంచి కార్లు ఒక్కొక్కటిగా అమ్ముడుపోతూ చేతులు మారి, చివరికి అద్దెకి సినిమాల్లోకి వచ్చేవి. వాటి బాడీలు సరిచేసే పని నాన్నది. ఒక కారుకి నుదుటి మీద మూడో దీపం ఉండేది; స్టీరింగు ఎటు తిప్పితే ఆ దీపం అటు తిరిగేది. "మలుపులోకి బండి వెళ్లకముందే చూపు వెళుతుందే వసంతా, ఎంత తెలివో చూడు" అని నన్ను పిలిచి మరీ తిప్పి చూపించాడు. ఇంకో కారుకి ముందు తలుపు ముందుకీ, వెనక తలుపు వెనక్కీ, గుడి తలుపుల్లా తెరుచుకునేవి. రెండూ తెరిచి నడుమ తెర కడితే బేగం గారు ఎవరి కంటా పడకుండా దిగిపోవచ్చట. ఇంకోదానికి వెనక భాగమంతా టేకు చెక్కతో పడవ చేసినట్టు చేశారు. నాన్న దాన్ని మూడు రోజులు ఒట్టి చేత్తో నిమిరాడు తప్ప పాలిష్ పెట్టలేదు.

కొత్త బండి షెడ్డులోకి వస్తే ఆ రోజు దాన్ని ముట్టుకోడు. ఎదురుగా ముక్కాలిపీట వేసుకుని, టీ గ్లాసు పట్టుకుని చూస్తూ కూచుంటాడు. అమ్మ వంటింట్లోంచి అనేది, "నన్ను పెళ్లిచూపుల్లో కూడా ఇంతసేపు చూడలేదు. తలొంచుకుని జంతికలు తినేసి వెళ్లిపోయాడు మీ నాన్న" అని. నాన్న నవ్వేవాడు కాదు. "ఏదైనా వింతగా చేశారంటే దానికో కారణం ఉంటుంది. ఆ కారణం తెలిసేదాకా దాని మీద సుత్తి పెట్టకూడదు" అనేవాడు. విమానాల బొమ్మలు కూడా చిత్తుకాగితాల వాడి దగ్గర పత్రికలు కొని కత్తిరించి గోడకి అంటించేవాడు. పంకా వెనకాల ఉన్నది, రెక్కలు మిడతలా మడుచుకునేది, తోక ముందుండేది. మొట్టమొదటి విమానానికి తోక ముందే ఉండేదని నేను బొమ్మ కింద చదివి చెబితే, "ఎందుకు పెట్టారంటావు?" అని వారం రోజులు నా ప్రాణం తీశాడు. ఆయనకి ఇంగ్లీషు రాదు. పదో తరగతి రాసి ఫలితాల కోసం కూచున్న నేనే ఆయన ఇంగ్లీషుని.

ఆ రోజుల్లోనే గుడ్డు కారు వచ్చింది. ఒక నవాబు గారింట్లోంచి అందరికంటే ఆఖర్న బయటికి వచ్చిన బండి అది. నిజంగా గుడ్డే. పక్కల తలుపుల్లేవు. ముక్కు మొత్తం ఒకే తలుపు. బీరువా తెరిచినట్టు తెరిస్తే స్టీరింగు కూడా తలుపుతో పాటు పక్కకి వచ్చేసేది. ఎదురుగా నడిచి లోపలికెక్కి, తిరిగి కూచుని, తలుపు మనవైపు లాక్కోవాలి. ఇద్దరు పడతారు. వెనక చక్రాలు రెండూ దగ్గర దగ్గరగా అంటుకున్నట్టుంటాయి. కిటికీ జరిపితే చెయ్యి పట్టేంత సందు. పైన మాత్రం గుడ్డ కప్పు, వెనక్కి మడిచేసుకోవచ్చు. నాన్న ఆ రోజంతా చూశాడు. మర్నాడూ చూశాడు.

కంపెనీ డ్రైవరు యాదగిరన్న దాన్ని తోలుకొచ్చాడు. బోరబండ మనిషి, ముప్పై ఏళ్లు దాటి ఉంటాయి, సినిమాల్లో కార్లు దూకించాలన్నా గోతుల్లోంచి లేపాలన్నా ఆయనే. ఆ బండికి అండా గాడీ అని పేరు పెట్టింది కూడా ఆయనే. "గీ అండా గాడీల కూసుంటే నన్నెవరో పొదుగుతున్నట్టే ఉన్నది చెల్లె. ఇంక నాల్గు దినాలైతే పిల్లనై బైటికొస్త!" అని నవ్వాడు. ఆయన ఒకప్పుడు కల్లు బాగా తాగేవాడట. కూతురు పుట్టిన రోజున దాని తల మీద చెయ్యి పెట్టి ఒట్టేసి మానేశాడు. భార్య అంజమ్మ వదిన మా అమ్మతో ఆ ఒట్టు సంగతి ఎన్నిసార్లు చెప్పుకుని మురిసిపోయిందో.

సీటు కింద ఒక చిన్న పుస్తకం దొరికింది. బండితో పాటు వచ్చే పుస్తకం, నూనె మరకలు పడి, అట్ట వేలాడుతూ. రాత్రి భోజనాలయ్యాక నేను ఒక్కో పేజీ తెలుగులో చెబుతుంటే నాన్న పీట మీద కూచుని విన్నాడు. ఒకచోట ఆగి రెండోసారి చదివించుకున్నాడు. ముందు తలుపుకి ఏదైనా అడ్డం పడి తెరుచుకోకపోతే లోపలివాళ్లు పైకప్పు వెనక్కి తోసి బయటికి రావాలి అని ఉంది. నాన్న తొడ చరుచుకున్నాడు. "అదీ సంగతి! నేను ఎండ కోసం అనుకుంటున్నానే. అది కప్పు కాదు, రెండో తలుపు" అన్నాడు.

సినిమాలో దుర్మార్గుడికి ఎగిరే కారు కావాలి. దానికి అండా గాడీనే ఎంచారు. ఆ వైపు నుంచి ఈ వైపుకి ఒకటే రెక్క, అది సరిగ్గా పైకప్పు మీదుగా పోవాలి. నాన్న దానికి ఉపాయం ముందే ఆలోచించాడు: రెక్కకి ఒక పక్క మడతబందులు, రెండో పక్క ఒక చీల. లోపలినుంచి చీల లాగితే రెక్కా కప్పూ కలిసి లేచిపోతాయి. ఆ కొలతకి బందులు రాణీగంజ్‌లో చేయమని ఇచ్చాడు. అవి రాలేదు. ముహూర్తం మర్నాడు పొద్దున్నకి పడింది. మేనేజరు మూర్తి గారు గంటకోసారి మనిషిని పంపాడు, పొద్దున్న తనే వచ్చి కూచున్నాడు. "కోటయ్యా, రాహుకాలం వచ్చేలోపు మొదటి షాటు పడాలి. నువ్వు మేకులు కొడతావో, తాళ్లు కడతావో నాకు తెలీదు" అన్నాడు.

రివిట్లు కొట్టాలంటే ఇద్దరు కావాలి. బయట ఒకరు సుత్తితో కొడుతుంటే, లోపల ఒకరు ఇనుప దిమ్మె ఆనించి పట్టుకోవాలి. ఆ గుడ్డులో దూరి, తల పైకెత్తి, దిమ్మె పట్టుకున్నది నేను. ఒక్కో దెబ్బకీ పళ్లు జివ్వుమన్నాయి. గుడ్డ కప్పు మీద రేకు, రేకు మీద రెక్క, అంతా కలిపి బండి అంచుకి చుట్టూ రివిట్లు. యాదగిరన్న ముందు తలుపులోంచి తొంగి చూసి, "మేస్త్రీ, నన్ను డబ్బాల పెట్టి మూసినట్టే ఉన్నది గదా" అన్నాడు. నాన్న సుత్తి ఆపకుండానే, "ఈ ఒక్క షాటుకేరా. ముహూర్తం అవగానే తీసేస్తా" అన్నాడు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు, కొబ్బరికాయ కొట్టారు, కర్పూరం వెలిగించారు. షాటు ఒకే దెబ్బకి ఓకే అయింది. అందరూ చప్పట్లు.

మర్నాడు నాన్న ఉలి తీసుకుని బండి దగ్గరికి వెళితే మూర్తి గారు చెయ్యి పట్టుకున్నాడు. నేను పక్కనే ఉన్నాను, ప్రతి మాటా విన్నాను. "ఏం చేస్తున్నావయ్యా! ప్రొడ్యూసరు గారి సెంటిమెంటు తెలీదూ? ముహూర్తంలో మొదటి టేకుకే ఓకే అయిన వస్తువు మీద పిక్చరు అయ్యేదాకా ఇనుము పడకూడదు. పోయిన పిక్చర్లో హీరో గారు ముహూర్తం నాటి చొక్కా ఉతకనివ్వలేదు, ఎంత కంపు కొట్టినా భరించాం. హిట్టయిందా లేదా?"

నాన్న బతిమాలాడు. "అది తలుపండీ. మనిషి బయటికొచ్చే దారి. అరగంట ఇవ్వండి చాలు, రివిట్లు కోసేసి చీల పెట్టేస్తాను. పైకి ఏమీ తేడా కనబడదు."

"అరగంట కాదు, అర నిమిషం కుదరదు. ముందు అంత పెద్ద తలుపుంది కదా, ఇంకెన్ని తలుపులు కావాలి వాడికి?"

నేను ఇంట్లోకి పరుగెత్తి పుస్తకం తెచ్చాను. డైరెక్టరు గారికి ఇంగ్లీషు వచ్చు, ఆయనకి చూపిస్తానన్నాను. నాన్న నా చేతిలో పుస్తకం వైపు చూశాడు, వెనక మా రెండు గదుల వైపు చూశాడు. "వద్దులే అమ్మా. షెడ్డు మనది కాదు" అన్నాడు. ఆయన అంత మెల్లగా మాట్లాడటం నేను ముందెప్పుడూ వినలేదు. సుత్తి పెట్టకూడదని నాకు నేర్పిన మనిషి, కారణం తెలిసి కూడా సుత్తి పెట్టాడు. పెట్టినదాన్ని తియ్యలేకపోయాడు. ఆయన్ని నేను ఇప్పటికీ పూర్తిగా క్షమించలేదు. నన్ను నేను అసలే క్షమించలేదు, ఎందుకో ఇప్పుడు చెబుతాను.

ఆ రోజు మధ్యాహ్నం యాదగిరన్న మా ఇంట్లోనే భోంచేశాడు. పప్పుచారు, వడియాలు. అమ్మ రెండుసార్లు వడ్డించింది. చల్ల తాగి, మూతి తుడుచుకుని, "అక్కా, గిట్ల పెడితే నిద్రొస్తది, గాడీ ఎట్ల తోలాలె" అంటూ వెళ్లాడు. కల్లు వాసన ఉంటే మా అమ్మ గడప దాటనిచ్చేదే కాదు. ఫిలింనగర్‌లో ఇప్పుడు వరసగా ఇళ్లున్న ఏటవాలులో, ఎగిరే కారు కూలి పొగ కక్కుతూ దిగే షాటు. రెక్క కింద రేకు పళ్లేల్లో గుడ్డలూ రబ్బరూ రాజేశారు. రెక్క బరువుకి ఆ చిన్న బండి బ్రేకులు ఆగలేదు. జారి, జారి, ముక్కుతో వెళ్లి బండని ఢీకొట్టి ఆగింది. చిన్న దెబ్బే. ఎవరూ పెద్దగా కంగారు పడలేదు, ఒకరిద్దరు నవ్వారు కూడా. ఆ తర్వాత ముక్కు తలుపు బండకి ఆనుకుని అంగుళం కూడా తెరుచుకోవడం లేదని అర్థమైంది. వెనక చక్రాలు రాళ్ల సందులో దిగబడ్డాయి. పొగ లోపలికి పోతోంది. కిటికీ సందులోంచి ఒక చెయ్యి బయటికొచ్చి గాలిలో తడుముకుంది. లోపలినుంచి రేకు మీద దెబ్బలు వినిపించాయి, ధన్ ధన్ మని, ఆగి, మళ్లీ ధన్ మని. నాన్న "ఉలి, ఉలి" అని అరుస్తూ షెడ్డు వైపు పరుగెత్తాడు. ఆయన తిరిగి వచ్చేలోపు జనం బండిని వెనక్కి లాగి తలుపు తెరిచారు. అప్పటికి చెయ్యి లోపలికి పోయింది, దెబ్బలు ఆగిపోయాయి.

ప్రాణం దక్కింది. ఊపిరితిత్తులు దక్కలేదు. ఆస్పత్రి నుంచి వచ్చేలోపే ఊరంతా ఒక మాట పాకింది: యాదగిరి తాగి తోలాడు, అందుకే బండకి గుద్దాడు. ఎవరు మొదలుపెట్టారో నేను ఊహించగలను గానీ చూడలేదు. బండిని మాత్రం అపశకునం అని టార్పాలిన్ కప్పి కంపెనీ గోడౌనుకి తోసేశారు, ఎవరూ దాని మొహం కూడా చూడకూడదన్నారు.

నిజం తేల్చడానికి డ్రైవర్ల తరఫున ఇద్దరు పెద్దమనుషులు మా షెడ్డుకి వచ్చారు. నాన్నని అడిగారు, ఆ బండి పైకప్పు తెరుచుకుంటుందా అని. నాన్న నేల చూపులు చూస్తూ నిలబడ్డాడు. వాళ్లలో పెద్దాయన నావైపు తిరిగాడు. "నువ్వు సదువుకున్న పిల్లవు గదమ్మా. బండి కాయితాలన్నీ నువ్వే సదివి చెప్తవంట. పైకప్పు తెరుసుకుంటదా? దానికేమన్న పుస్తకం గిట్ల ఉన్నదా?"

పుస్తకం బియ్యం డబ్బా కింద ఉంది. వంటింటి గుమ్మంలో అమ్మ నిలబడి ఉంది. నాన్న తలెత్తలేదు. "తెరుచుకుంటుందండీ. పుస్తకం ఏమీ లేదు" అన్నాను. ఎవరూ నన్ను చెప్పమనలేదు. నాన్న కనుసైగ కూడా చెయ్యలేదు. నాకు నేనే, తడుముకోకుండా, చక్కగా చెప్పాను. పెద్దాయన తల పంకించి, "అంటే తెలివి తప్పేటంత తాగినట్టే. లేకుంటే పైకెల్లి రాకపోవునా" అని పక్కాయనతో అంటూ వెళ్లిపోయాడు.

తర్వాత సంగతి ఎక్కువ లేదు. యాదగిరన్నకి మళ్లీ ఎవరూ బండి ఇవ్వలేదు. నాన్న ఆ సినిమా విడుదలైన నెలలోనే షెడ్డు వదిలేసి, సనత్‌నగర్‌లో బీరువాలు చేసే పనిలో చేరాడు. అన్నీ ఒక్కలాంటి బీరువాలు. గోడ మీది విమానాలు చింపి పొయ్యిలో పెట్టాడు. ఏ వింతా అక్కర్లేదు నాకు అన్నట్టు బతికి, పోయాడు. నేను ఒకసారి బోరబండ స్టేషన్ దగ్గర బస్సులో వెళుతూ యాదగిరన్నని చూశాను. సైకిళ్లకి గాలి కొడుతున్నాడు. నాలుగుసార్లు కొట్టి పంపు మీద వాలి ఆయాసం తీర్చుకుంటున్నాడు. కిటికీలో నన్ను చూసి "మంచిగున్నవా చెల్లె?" అని చెయ్యెత్తాడు. అదే చెయ్యి. నేను పైట సర్దుకుంటున్నట్టు తల తిప్పేసుకున్నాను.

ఇన్నేళ్లయ్యాక, మొన్న కార్తీక్ షెడ్డులో ఆ బండి ముందు నిలబడ్డాను. కొత్త రంగు వేయించాడు, అద్దాలు మార్చాడు. ఆ షెడ్డులో ఇంకా ఏమేమో ఉన్నాయి, మూడు చక్రాలవి, నీళ్లలో ఈదేవి, అన్నిటి ముందూ ఇత్తడి పలకలు. నేను ముక్కు తలుపు తెరిచి, మోకాళ్లు పట్టేసినా లోపలికెక్కి కూచుని పైకి చూశాను. గుడ్డ చివికిపోయి రేకు కనబడుతోంది. రేకు నిండా లోపలినుంచి పైకి ఉబ్బిన సొట్టలు. నాన్న రివిట్లు మాత్రం ఒక్కటి కదల్లేదు. చాలా బాగా పట్టాను దిమ్మె.

"ఇవి సరిచేయించలేదా?" అన్నాను.

"లేదాంటీ, టాప్ అస్సలు ముట్టుకోలేదు. ఒరిజినల్ కదా. పైగా పిక్చర్ హిట్టు, నాక్కూడా కొంచెం సెంటిమెంట్" అని నవ్వాడు. "ఒక్కటే మిస్సింగ్. దీనికి ఓనర్స్ బుక్ ఉండేదట. అదొక్కటి దొరికితే ఈ సెట్ కంప్లీట్."

అది నా ట్రంకుపెట్టెలో, పట్టుచీర మడతలో ఉంది. నేను ఆయనకి ఏమీ చెప్పకుండా ఇంటికి వచ్చాను. రెండు రోజులు అన్నం సయించలేదు. మూడో రోజు పుస్తకం తీసుకుని బోరబండ వెళ్లాను.

యాదగిరన్న పోయి చాలా ఏళ్లయింది. అంజమ్మ వదిన గుమ్మంలో కూచుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. నేను పేరు చెప్పగానే, "కోటయ్య మేస్త్రీ బిడ్డవా? అయ్యో, ఎన్నొద్దులాయెనే! రా, గీడ కూసో" అని చాట పక్కకి జరిపింది. ఆ ఆదరణ చూసి వెనక్కి వెళ్లిపోదామనిపించింది. కూచున్నాను. పుస్తకం తీసి, ఆ పేజీ తెలుగులో చదివి, రివిట్ల సంగతి, పెద్దమనుషులు అడిగిన సంగతి, నేను చెప్పిన అబద్ధం, అన్నీ చెప్పాను. ఎక్కడా నాన్న మీదికి తొయ్యలేదు. ఆవిడ చిక్కుడుకాయ చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయింది.

"ఇంకోసారి సదువు" అంది.

చదివాను.

"అంటే ఆయన తాగలే."

"లేదు వదినా. ఆ రోజు మా ఇంట్లోనే తిన్నాడు. చల్ల తాగి వెళ్లాడు."

చేతిలోని చిక్కుడుకాయ చాటలో పడేసింది. తర్వాత ఎవరితోనో అన్నట్టు అంది: "సచ్చేదాంక చెప్పిండు. తాగలేదే, కప్పు రాలేదే అని. నేను నమ్మలే. సదువుకున్న పిల్ల తెరుసుకుంటదని చెప్పిందట గదా, నువ్వు అబద్ధమాడుతున్నవన్న. బిడ్డ నెత్తి మీద ఒట్టేసి తప్పినవన్న. పిల్లకు జరమొస్తే నీ ఒట్టే తగిలిందని తిట్టిన. గంతే కాదు చెల్లె. గా దినం నుంచి ఆయనకు మారు వడ్డించలే నేను. కంచం ముంగట పెట్టి పోయేదాన్ని. ఇంక జర పెట్టాల్నా అని ఒక్కనాడన్న అడగలే." ఆవిడ నా వైపు చూసింది. ఏడవడం లేదు. "గీ ముచ్చట ఆయనున్నప్పుడు చెప్పకపోతివి. నేనన్న పెట్టుకుందును గదనే అన్నం."

కాళ్లు పట్టుకోబోయాను. వెనక్కి లాక్కుంది. "గవ్వన్ని వద్దు. గా గాడీ యాడున్నదో నాకు జూపియ్యి" అంది.

ఇద్దరం ఆటో ఎక్కాం. కార్తీక్ మమ్మల్ని చూసి తెల్లబోయాడు. అంజమ్మ వదిన ఆ వింతబండ్ల మధ్యలోంచి నేరుగా నడిచి, అండా గాడీ ముందు ఆగింది. నేను తలుపు తెరిచి పట్టుకున్నాను. వంగి లోపలికి చెయ్యి పెట్టి పైన తడిమింది, ఒక్కో సొట్టే. "ఎంత కొట్టుకున్నడో" అంది. చెయ్యి అక్కడే ఉంచి, నా వైపు చూడకుండానే, "తియ్యి గీ కప్పును" అంది.

నేను సంచిలోంచి పుస్తకం తీశాను. కార్తీక్ కళ్లు మెరిశాయి. "ఇది మీరడిగిన పుస్తకం. మీకే ఇచ్చేస్తాను. బదులుగా నాకు ఒక ఉలి, ఒక సుత్తి ఇప్పించండి. అరగంట టైమివ్వండి" అన్నాను.

"టాప్ తీస్తారా? ఆంటీ, ప్లీజ్, అదే కదా అసలు... వాల్యూ మొత్తం పోతుంది."

"అది టాప్ కాదు బాబూ, తలుపు. ముందు ఆ పుస్తకంలో నేను మడిచిన పేజీ చదవండి."

నిలబడి చదివాడు. పైకి చూశాడు, అంజమ్మ వదిన చెయ్యి వైపు చూశాడు. ఇంకేమీ అడక్కుండా లోపలికి వెళ్లి పనిముట్ల పెట్టె తనే మోసుకొచ్చాడు. నేను కొంగు బిగించి, స్టూలు ఎక్కి, రివిట్టు తల కింద ఉలి ఆనించి కొట్టాను. నాన్న నేర్పిన పద్ధతే, చెయ్యి మర్చిపోలేదు. ఒక్కో తలా ఎగిరి నేల మీద పడింది. చేతులు నొప్పెడితే కార్తీక్ తీసుకుంటానన్నాడు, ఇవ్వలేదు. ఆఖరి రివిట్టు ఊడాక రెక్కని ఇద్దరం పట్టుకుని దించాం. అంజమ్మ వదిన బండిలోకి ఎక్కి, ఆయన కూచున్న చోట కూచుని, రెండు చేతులూ ఎత్తి పైకి తోసింది. రేకూ చివికిన గుడ్డా కలిసి వెనక్కి పడ్డాయి. ఆవిడ తెల్లటి తల ఆ సందులోంచి బయటికి వచ్చింది.

"గింతేనా?" అంది.

"అంతే వదినా" అన్నాను. గోడ మీద గడియారం చూశాను. అరగంట కూడా పట్టలేదు.